మూడు వందల ఇరవై ఒకటో అట్ట

నాకు కోపం తక్కువ అని సోలాపూర్ భవాని పేట్‌ల అందరు అనుకుంటరు. మాట తక్కువ ఉన్నోనికి కోపం గూడ తక్కువే ఉంటదని వాళ్ల లెక్క. అది తప్పు. ఇది నేను కోపంతోనే రాస్తున్న. మూడో తరగతి దాక సదివినోని రాత, అక్షరాలు వంకర పోతయ్. పోనీ.

తొంభై నాలుగు ఎండాకాలం. ఉగాది అయి పదిహేను రోజులయింది. మా చద్దర్ల సొసైటీ ఆఫీసుల పొద్దుగాల గుమస్తా మల్లప్ప కంప్యూటర్ మీది గుడ్డ తీసి బటన్ నొక్కిండు. ఎప్పుడు నొక్కినా అద్దం మీద డిజైన్ల పేర్లు వరుసగ వస్తయ్. ఆ దినం రాలే. నల్లటి అద్దం మీద ఇంగ్లీషుల ఒక్క ముక్క వచ్చింది. దాని పక్కన చిన్న గీత ఆరుకుంట ఎలుగుకుంట ఉన్నది.

"ఏందిది?" అన్న.

"పాస్‌వర్డ్ అడుగుతున్నది కాకా. మంగళ తాళం ఏసి పోయింది."

"తాళపుచెవి ఏది?"

"దీనికి చెవి ఉండది. ఒక మాట ఉంటది. ఆ మాట కొడితెనే తెరుచుకుంటది."

"ఏం మాట?"

"అది తెలిస్తే నేనిట్ల దీని మొకం చూసుకుంట నిలబడుదునా?"

దాని లోపట నా డిజైన్లు ఉన్నయ్. అరవై ఒకటి.

నా పని ఏందో చెప్పాలె. సోలాపూర్ చద్దరు మీద పువ్వు, నెమలి, గుర్రం ఉంటయి గదా, అవి ఊకెనే రావు. ముందు గడుల కాగితం మీద బొమ్మ గీయాలె. కాగితం మీది ఒక్కో అడ్డ వరుసకు ఒక్కో అట్ట. గడి నిండిన కాడ అట్టకు తూటు కొట్టాలె. ఆ అట్టలన్నీ దారంతోని దండ లెక్క కుట్టి మగ్గం మీది జకార్డుకు ఎక్కిస్తే, తూటు ఉన్న కాడ పోగు లేస్తది, లేని కాడ లేవది. ఒక్కో అట్టకు ఒక్కో పేక, అంటే ఒక్కో అడ్డ పోగు, పడుతది. గుర్రం గట్ల పుడుతది. నలభై ఏండ్లు నేను గుర్రాలు పుట్టించిన. నా పేరు నర్సప్ప. చద్దరు మీద నా పేరు ఎన్నడు లేదు.

తొంభై రెండుల కంప్యూటర్ వచ్చింది. దాజీ పేట్‌ల బీడీలు చుట్టే ఎల్లమ్మ బిడ్డె మంగళ ఆ పని నేర్చుకొని ఉండె. ఆమెను పెట్టుకున్నరు. నా గడుల కాగితాలు ముంగట పెట్టుకొని, ఒక్కో గడి, ఒక్కో గడి, మిషన్‌ల కొట్టింది. రెండేండ్లు. ఒకే ఖోలీల ఆమె ఆ మూలకు, నేను ఈ మూలకు. పొద్దుగాల "వచ్చినవా కాకా" అంటది. పొద్దుమూకంగ "పోతున్న కాకా" అంటది. నేను తల ఊపుత. గంతే మా మాట.

ఒక్కసారి మాత్రం లేచి నా దగ్గరికి వచ్చింది. జోడు గుర్రాల డిజైన్ కొడుతున్నది అప్పుడు.

"కాకా, కాగితం మీద మూడు వందల ఇరవై వరుసలు ఉన్నయ్. కట్టల అట్టలు మూడు వందల ఇరవై ఒకటి ఉన్నయ్."

"లెక్క తప్పినవ్."

"మూడుసార్లు లెక్కపెట్టిన. గుర్రం ఎనక కాలు మోకాలు కాడ ఒకే అట్ట రెండు సార్లు కొట్టినవ్. జోడు పడ్డది."

నేను లెక్కపెట్టిన. జోడే. ముప్పై ఏండ్ల సంది ఆ గుర్రం మోకాలు కాడ ఒక పేక ఎక్కువ పడుతున్నది. నేసినోళ్లు చూడలే, కొన్నోళ్లు చూడలే, నేను చూడలే. ఈ పిల్ల చూసింది. నాకు కోపం వచ్చింది. కోపం వచ్చినా ఒక్క మాటనే అన్న: "కాగితం ఖరా. గట్లనే కొట్టు." మిషన్‌ల గుర్రం తప్పు లేకుంట ఖరా అయింది. అట్టల కట్టల తప్పు అట్లనే ఉండిపాయె.

అన్నీ మిషన్‌ల ఎక్కినంక చేర్మన్ రాజారాం గోదాము చూసిండు. "ఇగ ఈ అట్టలు ఎందుకు నర్సప్పా? ఎలుకలు కాపురం చేస్తున్నయ్. రద్దీల, చిత్తు కాగితాలల్ల, ఏసేద్దం." అట్టలు పోయినయ్. వాటితోని నా గడుల కాగితాలు గూడ పోయినయ్. నేను గేటు కాడ నిలబడి చూసిన. రద్దీవాడు రాలే. రాజారాం బామ్మర్ది కొమురయ్యకు అక్కల్‌కోట్ రోడ్డు మీద చద్దర్ల కార్ఖానా ఉన్నది. ఆయన టెంపో వచ్చింది. కట్టలు కట్టలుగ ఎక్కించుకొని పోయింది. రద్దీకి పోయే అట్టలను గంత పైలంగ ఎందుకు పేరుస్తున్నరో అని అప్పుడే అనిపించింది. ఏమనలే. నన్నెవరు అడుగలే.

అప్పటికే నా కుడి కన్ను పోయింది. మోతిబిందు, కంటి పొర, తీస్తమని తీసి, చెడగొట్టిండ్రు. ఎడమ కంటికి గడి గడిగ కనబడది, అలుక్కపోయినట్టు కనబడుతది. మల్ల గీసుడు నా వల్ల కాదు. అంటే ఆ అరవై ఒకటి ఎక్కడన్న ఉన్నయంటే ఆ డబ్బాల ఉన్నయ్. ఇంకేడ లేవు.

*

మంగళ ఎందుకు తాళం ఏసిందో నాకు తెలుసు. అంతకు ముందు దినం నేను ఆడనే ఉన్న.

మా జోడు గుర్రాల చద్దర్లు వేరే లేబుల్ తోని బజార్ల అమ్ముతున్నరని మెంబర్లు లొల్లి పెట్టిండ్రు. రాజారాం ఒక చద్దరు తెప్పించి ఆఫీసుల మేజ మీద పరిచిండు. పది మంది చుట్టు నిలబడ్డరు. మంగళను పిలిచిండ్రు.

"నర్సప్పా, ఈ గుర్రాలు ఎవరియి?" అన్నడు రాజారాం.

"నావి," అన్న.

"ఇన్నరా? డిజైన్ మనది. మన డిజైన్లు యాడున్నయ్? కంప్యూటర్‌ల. కంప్యూటర్ ఎవరి చేతుల ఉన్నది?" మంగళ దిక్కు తిరిగిండు. "ప్లాపీల ఎక్కించి ఎవరికి ఇచ్చినవమ్మా?"

"నేను ఇయ్యలే చేర్మన్ సాబ్."

"మరి గుర్రాలు నడుచుకుంట పోయినయా?"

పది మంది నవ్విండ్రు.

నేను చద్దరు మీద చెయ్యి పెట్టి ఉన్న. కండ్లు పోతున్నా బొటనవేలు పోలే. గుర్రం ఎనక కాలు తడిమిన. మోకాలు కాడ వేలికి గట్టిగ తగిలింది. జోడు పేక. మూడు వందల ఇరవై ఒకటో అట్ట. ఇది మిషన్‌ల నుంచి పోయింది కాదు. మిషన్‌ల గుర్రం ఖరా ఉన్నది. ఇది అట్టల నుంచి పోయింది. అట్టలు ఎవరి టెంపోల పోయినయో నేను చూసిన.

మంగళ నా దిక్కు చూసింది. ఆమెకు నా వేలు ఏడ ఉన్నదో కనబడ్డది. నేను చెయ్యి తీసిన. బయటికి పోయి నల్ల కాడ మొకం కడుక్కున్న.

"రేపటి సంది రావద్దు," అన్నడు రాజారాం ఎనక నుంచి. "పోలీసులకు చెప్తలేనంటే నా మంచితనం."

ఆమె ఏడ్వలే. కంప్యూటర్ ఖోలీలకు పోయింది. టకటక రెండు నిమిషాలు కొట్టింది. బటన్ బందు చేసింది. టిఫిన్ డబ్బా పట్టుకొని నా ముంగటినుంచే పోయింది. "పోతున్న కాకా" అనలే.

ఇంటికి పోయిన. మా ఇంటామె యశోద గడప కాడ కూసొని ఒళ్లె చాట పెట్టుకొని బీడీలు చుట్టుతున్నది. సంగతి నా కంటే ముందే ఇంటికి వచ్చింది.

"మంగళ చేసిందా?" అన్నది.

"లేదు."

చుట్టే చేతులు ఆగలే. "నీకు ఎట్ల ఎరుక?"

చెప్పిన. నాలుగు ముక్కలల్ల.

"చెప్పినవా మరి వాళ్లకు?"

"అడుగలే."

ఇప్పుడు ఆగినయ్ చేతులు. నా మొకం చూసింది. "ఎల్లమ్మ, నేను ఇరవై ఏండ్ల సంది కలిసి బీడీలు ఇయ్య కార్ఖానాకు పోతున్నం. ఇయ్యాల ఆమె పక్కన ఎవ్వరు కూసోలే. దొంగ తల్లి అన్నరు. నేను గూడ జెర్ర జరిగి కూసున్న, నా నోట్ల మన్నువడ." సగం చుట్టిన బీడీ చాటల పారేసింది. "ఇన్నేండ్లు నీకు మాట్లాడుడు రాదనుకున్ననయ్యా. పాపం అనుకున్న. వచ్చు నీకు. మాట్లాడవ్. గంతే."

ఆ దినం సంది మా ఇంట్ల మాట్లాడే ఒక్క మనిషి గూడ మాట్లాడుడు బందు చేసింది. కంచం పెడుతది, ఎనకకు తిరిగి పోతది. చాటల కత్తెర చప్పుడు తప్ప ఇల్లంత చప్పుడు లేదు.

*

వారం దినాలు మల్లప్ప తోచిన మాటలన్నీ కొట్టిండు. దేవుండ్ల పేర్లు కొట్టిండు. ఎల్లమ్మ పేరు కొట్టిండు. సొసైటీ పేరు కొట్టిండు. మిషన్ టీకు మని ఒర్రుతది, మల్ల అదే ముక్క అడుగుతది. నేను స్టూలు మీద కూసొని చూస్త. ఒక దినం నా చెయ్యి ఆగలే, దాని నెత్తి మీద ఒక్కటి ఏసిన. మల్లప్ప నా చెయ్యి పట్టుకొని, "కాకా, ఇది మగ్గం కాదు, కొడితే దారికి రాదు," అన్నడు.

తరువాత రాజారాం ఒక మెకానిక్‌ను తెచ్చిండు. స్టేషన్ దిక్కు టైపింగ్ క్లాసు నడిపే మనిషి, మరాఠాయన. మెడల టై. మా ఖోలీల నలభై మూడు డిగ్రీల ఎండల టై కట్టుకున్నడు. మిషన్ చుట్టు రెండుసార్లు తిరిగిండు, చాయ తాగిండు.

"తెరుచుకోదు," అన్నడు. "లోపటి డిస్కు తీసి కొత్త డిస్కు ఏయాలె."

"మరి లోపట ఉన్నయి?" అన్న.

"అవి పోతయ్ కాకా. సగ్ళ, అంటే అన్నీ, పోతయ్."

రాజారాం దిక్కు చూసిన. ఆయన పంచాంగం చూస్తున్నడు. "ఐతారం జనరల్ సభ ఉన్నది. సోమవారం వచ్చి కొత్త డిస్కు ఏయండ్రి."

"నా డిజైన్లు రాజారాం," అన్న.

"పోతే పోనీయ్ నర్సప్పా. ఇచల్‌కరంజి నుంచి తయారు డిజైన్లు వస్తున్నయ్ ఇప్పుడు. పాత గుర్రాలు ఎవరికి కావాలె? నువ్వు గూడ అలిసినవ్. ఇంటికాడ నిమ్మలంగ కూసో."

పాత గుర్రాలు ఎవరికి కావాలె! ఆయన బామ్మర్ది ఆ పాత గుర్రాల మీదనే కార్ఖానా నడిపిస్తున్నడు. అప్పుడు సమజయింది నాకు. మిషన్ తెరుచుకుంటే గుర్రం మోకాలు బయట పడుతది. తెరుచుకోకపోతెనే రాజారాంకు మంచిది. నా నలభై ఏండ్లు చెరిపి ఆయన తన చెయ్యి కడుక్కుంటడు.

నా చెవులల్ల మగ్గాలు ఆడుతున్నట్టు అయింది. ఆయన అంగి గల్లా పట్టుకుందునా అనిపించింది. పట్టుకోలే. చెప్పులేసుకొని దాజీ పేట్‌కు నడిచిన.

*

ఎల్లమ్మ ఇల్లు ఒక్కటే ఖోలీ. ముంగట రేకు పందిరి. ఎల్లమ్మ బీడీల తూనికాకు కత్తిరిస్తున్నది. నన్ను చూసింది, లేవలే.

"మంగళా, నర్సప్ప వచ్చిండు," అని లోపటికి కేకేసింది. "నోరు తెచ్చుకున్నడో, ఇంట్ల పెట్టి వచ్చిండో అడుగు."

మంగళ బయటికి వచ్చింది. "నీళ్లు తాగుతవా కాకా?"

"వద్దు. ఆ మాట చెప్పు."

"ఏ మాట?"

"మిషన్ మాట. సోమవారం డిస్కు తీసేస్తున్నరు. అన్నీ పోతయ్."

ఆమెకు ఆ సంగతి తెల్వదు. మొకం మారింది. గడప మీద కూసున్నది.

"కాకా, నేను దొంగనా?"

"కాదు."

"నీకెట్ల ఎరుక?"

"మోకాలు కాడ జోడు ఉన్నది."

"అది ఎప్పుడు చూసినవ్?"

"ఆ దినమే."

ఎల్లమ్మ కత్తెర ఆగింది.

"చెయ్యి పెట్టంగనే తెలిసిందా?" అన్నది మంగళ.

"తెలిసింది. నన్నెవరు అడుగలే."

ఎల్లమ్మ చాట పక్కకు పెట్టి లేచింది. "అడుగలేదంట! అడుగలేదంటనే! పిల్ల బాయిల పడుతుంటే గూడ అడగాల్నా నిన్ను? 'ఓ నర్సప్ప మామా, మా పిల్ల పడుతున్నది, జెర చెప్తవా' అని దరఖాస్తు రాసి ఇయ్యాల్నా? పిల్లను పనికి రమ్మన్న టైపింగ్ షాపాయన ఇప్పుడు రావద్దన్నడు. బీడీ కార్ఖానాల నా బీడీలు చూసేటాయన నా చేతులు చూస్తున్నడు, ఏమన్న ఎత్తుకపోతనేమో అని. ఇగ నువ్వు వచ్చినవ్ సిగ్గు లేకుంట, గుర్రాలు కావాల్నంట నీకు గుర్రాలు!"

"ఊకో అవ్వా," అన్నది మంగళ. నా దిక్కు తిరిగింది. ఆమె గొంతు పెద్దగ లేదు. "ఐతారం సభల లేచి చెప్పు. అందరి ముంగట. నువ్వు చెప్పినంక నేను వచ్చి తెరుస్త."

"నా డిజైన్లు పట్టుకొని నన్ను బెదిరిస్తున్నవా?"

"ఔ కాకా."

"అవి నావి!"

నా గొంతు ఎంత పెద్దగ లేచిందో నాకే తెల్వది. పక్కింటోళ్లు బయటికి వచ్చిండ్రు.

"నీవే. కాదన్ననా?" అన్నది మంగళ. "గడి గడి మిషన్ల కొట్టిన నేను గూడ నావని ఒక్కనాడు అనలే. నీయి నీకు కావాలె. నా పేరు నాకు కావాలె. రెండు ఒక్క దినమే తీసుకుందం."

తిరిగి వస్తుంటే తొవ్వ పొడుగున ఆమెను తిట్టుకుంట వచ్చిన. నా బిడ్డె ఈడు పిల్ల నా గొంతు మీద కాలు పెట్టింది అని. ఎండకు రోడ్డు తారు చెప్పులకు అంటుతున్నది. ఒక చెప్పు తారుల ఇరికి తెగింది. దాన్ని ఆడనే పారేసి, ఒంటి చెప్పుతోని ఇల్లు చేరిన. యశోద నా కాలు చూసింది. అడుగలే.

*

ఐతారం పొద్దున పది గంటలకు సభ. మగ్గాలు బందు చేసి షెడ్డుల దరీలు పరిచిండ్రు. నూట ఇరవై మంది. రాజారాం కుర్చీల కూసొని రిపోర్టు సదివిండు. చివరికి, "ఎవరన్న ఏమన్న అడిగేదుంటే అడుగుండ్రి," అన్నడు. ఎవరు అడుగరని తెలిసి అనే మాట అది.

నేను లేచిన.

"అరే, నర్సప్ప లేచిండు!" అన్నరు ఎవరో. "పంకాలు బందు చేయండ్రి, ఇనబడది." నవ్వులు. నిజంగనే పంకాలు బందు చేసిండ్రు. అందరి నెత్తిన చెమట కారుతున్నది.

మాట ఎట్ల మొదలు పెడుతరో నాకు తెల్వది. ఆఫీసుల మేజ మీది చద్దరు చేతుల ఉన్నది, అది చూపెట్టిన.

"ఇది మిషన్‌ల నుంచి పోలే. మంగళ ఇయ్యలే. ఇది నా పాత అట్టల నుంచి నేసింది. పాత అట్టలల్ల ఒకటి జోడు పడ్డది, నా తప్పు. మిషన్‌ల ఆ తప్పు లేదు. ఆ పిల్ల పట్టుకొని ఖరా చేసింది. దీంట్ల తప్పు ఉన్నది. అట్టలు కొమురయ్య టెంపోల పోయినయ్. నేను గేటు కాడ చూసిన."

గింత పొడుగు నేను నా పెండ్లినాడు గూడ మాట్లాడలే.

రాజారాం నవ్విండు. "నర్సప్పా, నీ కండ్లు పోయి రెండేండ్లాయె. గుర్రం మోకాలు నీకెట్ల కనబడ్డది?"

ఆ నవ్వుకు నాలోపట ఏదో తెగింది. "కండ్లు పోయినయ్ రాజారాం. వేళ్లు పోలే. నీ లెక్క సిగ్గు గూడ పోలే. సాక్ష్యం మిషన్‌ల ఉన్నది, రేపు చెరుపుతనన్నవ్ గదా, ఇప్పుడు తెరువు."

"దానికి తాళం ఉన్నది."

"తాళం తీసేటామె బయట ఉన్నది."

మంగళ వాకిట్ల నిలబడి ఉన్నది. ఎల్లమ్మ పక్కన ఉన్నది. ఎల్లమ్మ పక్కన, కొంగు నెత్తిమీదికి గుంజుకొని, మా యశోద ఉన్నది. ఆమె ఎప్పుడు వచ్చిందో నాకు తెల్వది.

మల్లప్ప మిషన్ మోసుకొచ్చి మేజ మీద పెట్టిండు. అందరు మీద పడ్డరు. మంగళ కూసొని, చేతులు కొంగుకు తుడుచుకొని, టకటక కొట్టింది. ఆ నల్లటి అద్దం మీద ఆరుకుంట ఎలుగుకుంట ఉండే గీత పోయింది. పేర్లు వచ్చినయ్. అరవై ఒకటి. నేను అద్దానికి మొకం ఆనించి లెక్కపెట్టిన.

జోడు గుర్రాలు కాగితం మీద అచ్చు తీసింది. ప్రింటర్ గర్రుగర్రు మని నమిలి నమిలి బయటికి తోసింది. మా అందరికంటే పెద్ద సాలె మనిషి రాజయ్య, ఆయన మాట ఎవరు కాదనరు. చద్దరును ఒళ్లె ఏసుకొని, సూదితోని మోకాలు కాడ పేకలు ఒక్కొక్కటి లేపిండు. కాగితం మీద వరుసలకు వేలు పెట్టి లెక్క చూసిండు. మూడుసార్లు చూసిండు. కండ్లద్దాలు తీసిండు.

"కాగితంల ఒంటి," అన్నడు. "చద్దర్ల జోడు."

అప్పుడు లేచింది లొల్లి. రాజారాం, "నేను రద్దీకి ఇచ్చిన, అది యాడికి పోయిందో నాకేం ఎరుక," అన్నడు. కుర్చీ ఇడిసిపెట్టలే. అబద్ధం చెప్పకండ్రి నాకు, మంచోళ్లు గెలుస్తరని. ఆయన ఇంకో ఏడాది చేర్మన్‌గనే ఉన్నడు. కొమురయ్య కార్ఖానా గూడ నడిచింది. కానీ ఆ దినం సభ పుస్తకంల రాయించినం: మంగళ తప్పు ఏమి లేదు, ఆమె మీద ఏసిన మాట ఎనకకు తీసుకున్నం. రాజయ్య నిలబడి రాయించిండు. సదివి ఇనిపించిండు. ఎల్లమ్మ ఒకసారి కాదు, ఇంకోసారి సదువుమన్నది. సదివిండు.

*

సభ అయినంక అందరు పోయిండ్రు. మంగళ నా డిజైన్లన్నీ ప్లాపీల మీదికి ఎక్కించింది. పదకొండు ప్లాపీలు. ఒక్కోదాని మీద కాగితం అంటించి తెలుగుల పేర్లు రాసింది, నేను సదువుకునేటట్టు పెద్ద అక్షరాలల్ల.

"మిషన్‌ను నమ్మకు కాకా. ఇవి ఇంట్ల పెట్టుకో. ఎండ తగలనియ్యకు."

"మల్ల పనికి రా," అన్న. "రాజయ్య అడుగుమన్నడు."

"రాను."

"కోపమా?"

"నాకు కోపం ఉండొద్దా కాకా?" నవ్వింది. ప్లాపీలు డబ్బాల సదిరింది. మూత పెట్టింది. ఏదో చిన్న సంగతి అడిగినట్టు అడిగింది: "ఒకటి చెప్పు. ఈ మిషన్ నేను లేకుంటనే తెరుచుకునేదైతే, ఇయ్యాల నువ్వు లేచేటోనివా?"

"లేచేటోన్నే," అన్న. ఎంటనే అన్న. గట్టిగ అన్న.

ఆమె నా మొకం చూసింది. "సరే కాకా," అన్నది.

ఆ ఏటి ఆషాఢం వానలు పడంగనే పుణెకు పోయింది. అక్కడ ఒక ప్రెస్సుల కంప్యూటర్ పని దొరికింది. యశోద మల్ల మాట్లాడవట్టింది. కానీ మునుపటి లెక్క కాదు. మునుపు ఆమెనే అడిగి ఆమెనే జవాబు చెప్పుకునేది. ఇప్పుడు అడిగి ఆగుతది. నేను చెప్పేదాక ఆగుతది.

ఐదేండ్లకు సొసైటీ ఆ కంప్యూటర్‌ను పాత సామాను కింద భంగార్ల ఏసింది. దాజీ పేట్ మూల మీద సాయిలు అని రేడియోలు, మిషన్లు బాగు చేసేటాయన దుకాణం ఉన్నది. నేను అటు నుంచి పోతుంటే, మా మిషన్‌నే ముంగటేసుకొని మరలు ఇప్పుతున్నడు. ఆగి చూసిన. లోపటినుంచి రూపాయి బిళ్ల లెక్క ఉన్నదొకటి పీకి పక్కన పెట్టిండు.

"గదేంది?" అన్న.

"బ్యాటరీ కాకా. ఇది కొత్త మిషన్ కాదు గదా, ఎవరో పాస్‌వర్డ్ పెట్టిపోయిండ్రు. ఇది పీకి అరగంట పక్కకు పెడితే, మిషన్ ఆ పాస్‌వర్డ్ మర్చిపోతది. మల్ల పెడితే తెరుచుకుంటది."

"లోపట ఉన్నయి?"

"లోపటియి ఏం పోవు. ఎట్లున్నయి అట్లనే ఉంటయ్."

"తొంభై నాలుగుల గూడ గింతేనా?"

"ఎప్పుడైనా గింతే."

నేను దుకాణం ముంగట నిలబడిపోయిన. ఆ టై కట్టుకున్నాయనకు ఈ సంగతి తెలిసి ఉంటే, అరగంటల నా అరవై ఒకటి నాకు వచ్చేటియి. దాజీ పేట్‌కు పోయేటోన్ని కాదు. ఎల్లమ్మ తిట్లు పడేటోన్ని కాదు. ఐతారం దరీ మీద కూసొని, రాజారాం రిపోర్టు ఇని, అందరి తోని చప్పట్లు కొట్టి ఇంటికి వచ్చేటోన్ని. నా గుర్రాలు నాకు ఉండేటియి. ఆ పిల్ల దొంగగనే ఉండేటిది. ఇది నాకు అనుమానం కాదు. నా చెయ్యి నాకెట్ల ఎరుకనో, ఇది గట్ల ఎరుక.

ఆ బిళ్లను తీసుకొని రోడ్డు అవతలికి ఇసిరి కొట్టిన. గోడకు తగిలి మోరీల పడ్డది.

సాయిలు లేచి నిలబడ్డడు. "ఏమైంది కాకా?"

"ఒకామెకు అబద్ధం చెప్పిన."

"ఎవరికి?"

"మంగళకు," అన్న. ఆయన స్టూలు గుంజుకొని కూసున్న. "ఇను, చెప్త."